నూనె రాస్తే మచ్చ పోతుందా?

రోగుల కుటుంబసభ్యులకు ఒక ఆరోగ్య పాఠం

ఒకరోజు మా చర్మవ్యాధుల ఓ.పి.కి ఒక తల్లి తన పదిహేడేళ్ళ కొడుకుని తీసుకొని వచ్చింది. అబ్బాయి ముంజేతి మీద అరచేయంత తెల్లమచ్చ ఉంది. కళ్ళు మూసుకోమని చెప్పి దూదితో తాకాను. ముట్టుకున్నట్టే తెలియలేదన్నాడు. చెయ్యి చాపమంటే చిటికెనవేలు, దాని పక్కవేలు వంకర తిరిగి ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే తల్లి తల దించుకొని, "ఏడాదిన్నర అయ్యిందమ్మా. ఊళ్ళో ఒకాయన నూనె ఇచ్చాడు. రోజూ రాస్తూనే ఉన్నాను" అంది. కాసేపాగి మళ్ళీ ఆమే, "నూనె మంచిది కాదా సిస్టరమ్మా? పూర్వం ఈ జబ్బుకి నూనెతోనే వైద్యం చేసేవారట గదా" అని అడిగింది.

ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. పూర్వం కుష్టువ్యాధికి నిజంగానే నూనెతో వైద్యం చేశారు. మన మిషన్ ఆసుపత్రుల్లోనే చేశారు. మరి ఆ నూనె ఏమైంది? ఇప్పుడెందుకు వాడడం లేదు? నూనెలో అసలు ఏముంది? ఆ తల్లికి ఆరోజు నిదానంగా చెప్పిన సంగతులనే మీకోసం ఈ పాఠంలో రాస్తున్నాను.

నూనె అంటే ఏమిటి?

వేరుశనగ నూనె, నువ్వుల నూనె, కొబ్బరినూనె, నెయ్యి, వేపనూనె, ఆముదం - వీటి రంగు, రుచి, వాసన వేరైనా లోపలి కట్టుబడి ఒక్కటే. ఒక కొయ్యకు మూడు పొడవాటి తాళ్ళు కట్టినట్టు ఊహించుకోండి. ఆ కొయ్య పేరు గ్లిసరాల్. మనం గ్లిసరిన్ అని మందుల షాపులో కొనేది అదే. ఆ మూడు తాళ్ళను కొవ్వు ఆమ్లాలు, అంటే ఫ్యాటీ ఆసిడ్లు అంటారు. కొయ్యకూ తాడుకూ మధ్య ఉన్న ముడిని ఎస్టర్ ముడి అంటారు. ఇలా కొవ్వు ఆమ్లం ముడిపడి ఉన్న పదార్థాలన్నీ ఫ్యాటీ ఆసిడ్ ఎస్టర్లు. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త షెవ్రాల్ జంతువుల కొవ్వుల మీద ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసి, 1823లో వెలువడిన తన గ్రంథంలో ఈ సంగతిని వివరించాడు.

ముడి పడేటప్పుడు కొంచెం నీరు బయటికి పోతుంది. ముడి విప్పాలంటే మళ్ళీ నీరు కావాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగిలిన పాఠం సులువుగా అర్థమవుతుంది.

రక్తపరీక్ష కాగితంలో ట్రైగ్లిజరైడ్స్ అనే మాట చూసే ఉంటారు. అది ఈ మూడు తాళ్ళ కొయ్యకే పేరు. మనం తిన్న నూనెలోని ముడులను క్లోమగ్రంథి నుంచి వచ్చే లైపేజ్ అనే రసం పేగుల్లో విప్పుతుంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి దానికి సాయపడుతుంది. పేగు గోడ దాటాక ఆ తాళ్ళు మళ్ళీ కొయ్యకు ముడిపడి రక్తంలోకి వెళ్తాయి.

సబ్బు కూడా ఈ ముడి విప్పగా వచ్చిందే. నూనెకు కాస్టిక్ సోడా కలిపి కాస్తే ముడులు ఊడిపోయి తాళ్ళు సబ్బుగా మారతాయి, కొయ్య గ్లిసరిన్‌గా మిగులుతుంది. తేనెపట్టు మైనంలో ఎక్కువ భాగం కూడా ఎస్టర్లే. అయితే అందులో గ్లిసరాల్‌కు బదులు పొడవాటి ఆల్కహాల్ ఉంటుంది. అందుకే మైనం గట్టిగా ఉంటుంది, నీటిలో తడవదు. మన చర్మం కూడా తనకు కావలసిన ఎస్టర్లను తానే తయారుచేసుకుంటుంది. ముఖం మీద జిడ్డు అని మనం తుడిచేసేది అదే.

కొయ్యను మార్చితే నూనె గుణం మారుతుంది. గ్లిసరాల్ తీసేసి, ఒక్కొక్క తాడుకీ మిథైల్ ఆల్కహాల్ అనే చిన్న మేకును ముడివేస్తే చిక్కని నూనె పలుచబడుతుంది. బయోడీజిల్ అంటే ఇదే. హోటళ్ళలో కాచికాచి నల్లబడిన నూనెను మళ్ళీ తిండిలోకి రానీయకుండా సేకరించి బయోడీజిల్ చేయించే కార్యక్రమాన్ని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2018లో మొదలుపెట్టింది. ఇటువంటి కిటుకుతోనే వందేళ్ళ క్రితం కుష్టువ్యాధికి ఒక మందు తయారైంది.

చాల్‌మూగ్ర నూనె కథ

మన పడమటి కనుమల అడవుల్లో, బెంగాలుకు తూర్పునున్న అడవుల్లో, బర్మాలో ఒక జాతి చెట్లు పెరుగుతాయి. వాటి గింజల నుంచి తీసేది చాల్‌మూగ్ర నూనె. మన ఆయుర్వేదంలో తువరకం అని చెప్పినది ఈ జాతి చెట్టునే. సుశ్రుతుడు దానిని చర్మవ్యాధులకు వాడమన్నాడు. 1854లో కలకత్తాలో ఉన్న డాక్టర్ మవుట్ ఈ నూనె గురించి రాసిన తరువాత పాశ్చాత్య వైద్యులు కూడా వాడడం మొదలుపెట్టారు. కుష్టువ్యాధికి కారణం ఒక సూక్ష్మజీవి అని నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. కారణం తెలిసింది గాని దాన్ని చంపే మందు చాలాకాలం దొరకలేదు. ఉన్నది ఈ నూనె ఒక్కటే.

దానితో కష్టాలు ఎన్నో. తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. చాలామంది రోగులు ఈ మందుకంటే జబ్బే నయమనేవారట. పైన రాస్తే లోపలి క్రిమికి తగిలేది కాదు. సూదితో ఎక్కిద్దామంటే నూనె చిక్కన. ఎక్కించినచోటే గడ్డకట్టి, నొప్పిపెట్టి, ఒక్కోసారి చీము పట్టేది.

ఈ చిక్కును విప్పినది ఒక యువతి. పేరు ఆలిస్ బాల్. 1892లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. హవాయి దీవుల్లోని కళాశాలలో 1915లో రసాయనశాస్త్రంలో మాస్టర్స్ పట్టా తీసుకుంది. ఆ కళాశాలలో ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమే. కుష్టురోగులను చూస్తున్న డాక్టర్ హోల్‌మన్ అడిగితే ఆమె ఈ నూనె మీద పనిచేసింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలను గ్లిసరాల్ నుంచి విడదీసి ఇథైల్ ఆల్కహాల్‌తో ముడివేసింది. అలా వచ్చిన ఇథైల్ ఎస్టర్ పలుచగా ఉండి, సూదిలోనుంచి సాఫీగా దిగింది, శరీరంలో ఇంకింది.

కాని ఆమె తన పని ఫలితాన్ని పూర్తిగా చూడలేదు. 1916 డిసెంబర్ 31న, ఇరవైనాలుగేళ్ళ వయసులో చనిపోయింది. ఆ కళాశాల అధ్యక్షుడైన డీన్ పనిని కొనసాగించి, ఆమె పేరు చెప్పకుండా ప్రచురించాడు. చాలాకాలం లోకం దాన్ని డీన్ పద్ధతి అనే పిలిచింది. 1922లో డాక్టర్ హోల్‌మన్ తన వ్యాసంలో అది బాల్ పద్ధతి అని రాశాడు. 2000లో ఆ విశ్వవిద్యాలయం తన ఆవరణలో ఉన్న చాల్‌మూగ్ర చెట్టు దగ్గర ఆమె పేరుతో ఫలకం పెట్టింది.

మన తెలుగునేలకూ ఈ నూనెతో సంబంధం ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్టురోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పింది. రాజా నర్సాగౌడ్ అనే దాత ధనసహాయం చేశాడు. కలకత్తాలో డాక్టర్ మ్యూర్, డాక్టర్ రోజర్స్ మొదలైనవారు ఈ నూనె ఇంజెక్షన్లను మెరుగుపరచగా, డిచ్‌పల్లిలోనూ ఆ ఇంజెక్షన్లతో చికిత్స చేశారు. ఊరివారు వెలివేసిన మనుషులకు అక్కడ మంచం, అన్నం, చేయడానికి పని దొరికాయి. డాక్టర్ కెర్ 1932లో చనిపోయేవరకు ఆ సేవలోనే ఉంది.

మరి ఆ నూనెను ఎందుకు మానేశారు?

ఎందుకంటే అది చాలినంత మందు కాదు. నెలలు, ఏళ్ళ తరబడి సూదులు పొడిపించుకోవాలి. జబ్బు ముదరకముందే మొదలుపెట్టిన కొందరికి మచ్చలు తగ్గాయి. కొందరికి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. జబ్బు ముదిరినవారికి పెద్దగా ఉపయోగపడలేదు. వేరే మందు లేదు కనుక అదే ఇచ్చారు.

1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో సల్ఫోన్ మందులు వాడి చూశారు. గుణం కనిపించింది. తరువాత డాప్సోన్ మాత్రలు వచ్చాయి. అవి వచ్చాక చాల్‌మూగ్ర నూనె మెల్లగా మూలపడింది. డాప్సోన్ ఒక్కదానికే క్రిమి లొంగకుండా పోతున్నదని తెలిసి, రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ప్రవేశపెట్టింది. దానినే ఎం.డి.టి. అంటారు. రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ అందులోని మందులు. అట్టలో నెలకు సరిపడా మాత్రలు ఉంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మచ్చలు అయిదు లేక అంతకు తక్కువైతే సాధారణంగా ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువైతే పన్నెండు నెలలు వాడాలి. అంతటితో జబ్బు నయమవుతుంది.

కాబట్టి ఎవరైనా ఈరోజు "పూర్వకాలపు నూనె" అని సీసాలో ఇస్తే, వందేళ్ళనాటి వైద్యులే చాలదని వదిలిపెట్టిన దాన్ని మీకు ఇస్తున్నారని తెలుసుకోండి. పైగా వారు ఇంజెక్షన్‌గా ఇచ్చినదాన్ని వీరు పైపైన రాయమంటున్నారు. క్రిమి ఉన్నది చర్మం పైన కాదు, చర్మం లోపల, నరాల్లో. రాసిన నూనె అక్కడికి చేరదు. నూనె రాసినందువల్ల చర్మానికి కీడు జరగకపోవచ్చు. కీడు జరిగేది పోయిన కాలం వల్ల. ఆ కాలంలో నరం చచ్చిపోతుంది.

ఈనాటి మందుల్లో ఎస్టర్లు

చాల్‌మూగ్ర ఇంజెక్షన్ పోయినా, కొవ్వు ఆమ్లానికి మందును ముడివేసే పద్ధతి పోలేదు. మన ఆసుపత్రిలో రోజూ వాడుతున్నాం.

తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ వరకు పిల్లలకు ఆరునెలలకొకసారి పోసే విటమిన్ ఎ ద్రావణం చూడండి. సాధారణంగా అందులో ఉండేది పామిటిక్ ఆమ్లానికి ముడిపడిన విటమిన్. అలా ముడివేసినందువల్ల త్వరగా పాడవదు. పేగుల్లో ముడి ఊడి, విటమిన్ ఒంటపడుతుంది.

మానసిక వ్యాధికి నెలకొకసారి ఇచ్చే హాలోపెరిడాల్ డెకనోయేట్ ఇంజెక్షన్ కూడా అటువంటిదే. అందులో మందును ఒక కొవ్వు ఆమ్లంతో ముడివేసి నువ్వులనూనెలో కలుపుతారు. కండలో ఎక్కించిన తరువాత అది కొంచెం కొంచెంగా రక్తంలోకి వచ్చి, ముడి ఊడి, సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. రోజూ మాత్ర మింగడానికి ఒప్పుకోని రోగికి ఇది ఎంత మేలో వారి ఇంటివారికే తెలుసు. నూనె ఇంజెక్షన్ కదా అని భయపడకండి. చెప్పిన తేదీకి తప్పకుండా తీసుకురండి.

ఇంట్లో నూనె ఎక్కడ ఉపయోగం?

ఆ తల్లికి నేను నూనె సీసా పారెయ్యమని చెప్పలేదు. ఎక్కడ వాడాలో చెప్పాను.

కుష్టువ్యాధిలో చెమట గ్రంథులకు వెళ్ళే నరాలు కూడా దెబ్బతింటాయి. అందువల్ల చెయ్యి, కాలు ఎండిపోయి పగుళ్ళు వస్తాయి. స్పర్శ ఉండదు కనుక పగులు నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని నడుస్తూ ఉంటే అది పుండవుతుంది. పుండు ఎముకదాకా పోయి వేలు పోతుంది. వేళ్ళు పోయేది క్రిమి తినేయడంవల్ల కాదు, కాపాడుకోని గాయాలవల్ల.

దీనికి నూనె మంచి సాయం. అయితే నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోకుండా మూతపెడుతుంది. కాబట్టి ముందు నీరు, తరువాత నూనె. పద్ధతి ఇది:

1. రోజూ చేతులు, కాళ్ళు మామూలు చల్లనీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్ళు వద్దు. స్పర్శ లేనివారికి కాలినా తెలియదు.

2. గట్టిపడిన చర్మాన్ని నున్నని రాయితో మెల్లగా రుద్దాలి. బ్లేడుతో కొయ్యకూడదు.

3. తుడవకుండా, తడిగా ఉండగానే కొబ్బరినూనె గాని ఇంట్లో ఉన్న వంటనూనె గాని రాయాలి. ఖరీదైన నూనె అక్కరలేదు. వాజ్‌లీన్ అయినా ఫరవాలేదు.

4. పుండు ఉంటే దానిమీద నూనె పోయకూడదు. శుభ్రమైన గుడ్డ కట్టి ఆసుపత్రికి రావాలి.

5. రాత్రి పడుకునే ముందు ఇంటివారు ఎవరైనా పాదాలు, చేతులు చూడాలి. ఎర్రగా ఉందా, పొక్కు ఉందా, ముల్లు ఉందా అని. రోగికి తెలియనిది మీ కంటికి తెలుస్తుంది.

నూనె రాసిన కాళ్ళను ఎలుకలు కొరికే ప్రమాదం ఉంది, స్పర్శ లేనివారికి అది తెలియదు. రాత్రిపూట మేజోళ్ళు వేయండి లేక గుడ్డ చుట్టండి. పగలు మెత్తని అట్ట ఉన్న చెప్పులు వేయించండి.

కుటుంబసభ్యులు తెలుసుకోవలసినవి

ఈ జబ్బు శాపం కాదు, వంశపారంపర్యం కాదు. ముట్టుకుంటే, కలిసి ఒకసారి భోంచేస్తే అంటుకోదు. మందు వాడని రోగితో ఎక్కువకాలం దగ్గరగా ఉన్నవారికి, అదీ కొద్దిమందికే వస్తుంది. చాలామంది శరీరాలకు దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. కాబట్టి వేరే గది, వేరే కంచం అక్కరలేదు.

ఇంట్లో ఒకరికి వస్తే మిగిలిన అందరూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేనివారికి ముందుజాగ్రత్తగా ఒకే ఒక మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎవరికి ఇవ్వాలో, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఏం చేయాలో డాక్టరుగారు చెబుతారు.

మందులు వాడేటప్పుడు రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు. క్లోఫజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది. ఆ మందు కొవ్వులో కరిగి చర్మంలో నిలవ ఉంటుంది, అందుకని మందు ఆపిన తరువాత కొన్ని నెలలకు గాని ఆ రంగు పోదు. రంగు మారిందని మందు ఆపకండి. పెళ్ళి కావలసిన ఆడపిల్లలు దీనివల్లే మందు మానేస్తున్నారు. వారికి ఈ సంగతి ముందే చెప్పండి. కళ్ళు పచ్చబడినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా మాత్రం వెంటనే తీసుకురండి.

మచ్చలు అకస్మాత్తుగా ఎర్రబడి ఉబ్బినా, మోచెయ్యి దగ్గర నరం నొప్పి చేసినా, చెయ్యి పట్టు తప్పినా, పాదం జారిపోతున్నా, కన్ను మూతపడకపోయినా ఒక్కరోజు కూడా ఆగవద్దు. దీన్ని రియాక్షన్ అంటారు. మందుల మధ్యలోనూ రావచ్చు, అయిపోయాకా రావచ్చు. త్వరగా వస్తే స్టెరాయిడ్ మాత్రలతో నరాన్ని కాపాడవచ్చు. ఆలస్యమైతే ఆ వేలు మళ్ళీ తిన్నగా రావడం కష్టం.

చట్టం కూడా మారింది. కుష్టురోగులను నిర్బంధించడానికి వీలు కల్పించిన 1898 నాటి చట్టాన్ని 2016లో రద్దుచేశారు. ఈ జబ్బు పేరు చెప్పి విడాకులు అడిగే వీలును 2019లో పార్లమెంటు తీసివేసింది. చట్టం తీసివేసిన గోడను మన ఇళ్ళలో మనం మళ్ళీ కట్టకూడదు.

ఆ అబ్బాయి సంగతి

ఆ అబ్బాయికి అదేరోజు మందులు మొదలుపెట్టారు. నరం వాపు ఉంది కనుక స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చారు. ఫిజియోథెరపీలో వేళ్ళ వ్యాయామం నేర్పారు. ఆ వ్యాయామం చేసేముందు చేతిని నీళ్ళలో నానబెట్టి నూనె రాయడం తల్లి పని. "ఇన్నాళ్ళూ నూనె మచ్చకి రాశానమ్మా, ఇప్పుడు చేతికి రాస్తున్నాను" అంది ఒకసారి. మందుల కోర్సు పూర్తయింది, మచ్చ కలిసిపోయింది. పక్కవేలు చాలావరకు తిన్నగా వచ్చింది. చిటికెనవేలు మాత్రం రాలేదు. ఆపరేషన్ చేసి సరిచేసే వీలు ఉందని డాక్టరుగారు చెప్పారు. ఏడాది ముందు వచ్చి ఉంటే ఆ మాట అవసరమే రాకపోయేదేమో. తల్లికి నేను ఆ మాట అనలేదు. ఆమెకు తెలుసు.

అందుకే మీకు చెబుతున్నాను. ఇంట్లో ఎవరికైనా రంగు తగ్గిన మచ్చగాని, ఎర్రని మచ్చగాని ఉంటే కళ్ళు మూయించి దూదితో తాకి చూడండి. సూది, అగ్గిపుల్ల వాడవద్దు. స్పర్శ తెలియకపోతే, లేక మీకు అనుమానంగా ఉంటే, ఆశా కార్యకర్తకు చెప్పండి లేదా దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి రండి. సిగ్గుపడవద్దు, దాచవద్దు.

గాయపడినవాని గాయాలకు నూనె పోసి కట్టిన సమరయుని కథ మనందరికీ తెలుసు. ఆయన నూనె పోసి ఊరుకోలేదు. ఆ మనిషిని తన వాహనం మీద ఎక్కించుకొని, చూసుకునేవారున్న చోటికి చేర్చాడు. మీరు కూడా మీవారిని అలాగే చేర్చండి. మిగిలినది మేము చూసుకుంటాము. ప్రభువు మీ కుటుంబాలకు తోడైయుండును గాక.